సారెపెట్టె శవపేటిక అయిన కథ: న్యూ ఆర్లీన్స్ అర్సులైన్ కాన్వెంట్

కాన్వెంట్ అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది టై, బూట్లు, ఇంగ్లిషు మీడియం. ఒక్క సిస్టరు కూడా లేని సందుచివరి ప్రైవేటు బడి సైతం మన ఊళ్ళలో కాన్వెంటే. "మా వాణ్ణి కాన్వెంట్‌లో వేశాం" అనే మాటకు సన్యాసినుల మఠంతో చుట్టరికం తెగిపోయి చాలాకాలమైంది. మాట అలాగే ఉంది, అది చూపించే వస్తువు మారింది. అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో అసలు అర్థంలో కట్టిన పాత కాన్వెంట్ ఒకటుంది. దాన్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళలో చాలామంది దాని చరిత్ర కోసం వెళ్ళరు, రక్తపిశాచుల కథ విని వెళతారు. ఆ కథ పుట్టింది కూడా అచ్చం ఇలా ఒక మాట అర్థం మారడం వల్లే.

ముందు కథ. ఫ్రెంచ్ క్వార్టర్ అనే పాత పేటలో చీకటి పడగానే దెయ్యాల టూర్లు మొదలవుతాయి. షార్ట్రెస్ వీధిలో 1100 నంబరు దగ్గర, ఎత్తైన గోడ బయట గుంపును ఆపి, గైడు అందరినీ తలెత్తి చూడమంటాడు. ఏటవాలు కప్పులోంచి ముందుకు పొడుచుకొచ్చిన చిన్న కిటికీలు వరసగా కనిపిస్తాయి. వాటి రెక్కలన్నీ మూసే ఉంటాయి. 1728లో ఫ్రాన్స్ నుంచి పెళ్ళికాని ఆడపిల్లలు ఓడ దిగారట. సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా పాలిపోయి ఉన్నారట. ఎండ తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కిందట. ఒక్కొక్కరి వెంట శవపేటికలాంటి పెట్టె. ఆ పెట్టెల్ని ఈ కాన్వెంట్ మూడో అంతస్తులో దాచారు. కొన్నాళ్ళకు తెరిచి చూస్తే అన్నీ ఖాళీ! లోపల ఉన్నవి ఊళ్ళో కలిసిపోయాయి. అప్పటినుంచి పై కిటికీల రెక్కలకు పోప్‌గారు ఆశీర్వదించి పంపిన మేకులు దిగ్గొట్టి శాశ్వతంగా మూసేశారు. అయినా ఏ అర్ధరాత్రో ఒక రెక్క దానంతటదే తెరుచుకుంటుంది. 1970ల చివర్లో ఆ రహస్యం తేలుద్దామని రాత్రంతా కాపు కాసిన ఇద్దరు తెల్లారేసరికి శవాలై కనిపించారనే ముక్తాయింపు కూడా ఉంది. ఆ ఇద్దరి పేర్లేమిటో చెప్పేవాళ్ళు మాత్రం లేరు.

వినడానికి బాగుంటుంది. అయితే తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి మెట్టులోనే జారిపోతుంది.

ఫ్రాన్స్‌లోని రువాన్ తదితర ఊళ్ళ నుంచి అర్సులైన్ సభకు చెందిన పన్నెండుమంది సన్యాసినులు 1727 ఆగస్టులో న్యూ ఆర్లీన్స్ చేరారు. ఇటలీలోని బ్రెషియాలో ఆంజెలా మెరీచి 1535లో స్థాపించిన సభ అది. ఆడపిల్లలకు చదువు చెప్పడం దాని ప్రధాన వృత్తి. మదర్ మరీ ట్రాంషెపాఁ వాళ్ళ పెద్ద. ఫిబ్రవరిలో లోరియాఁ రేవులో 'జిరోంద్' అనే ఓడ ఎక్కినవాళ్ళు ఐదు నెలలకు పైగా నీళ్ళమీదే గడిపారు. దిగేసరికి వాళ్ళకు సొంత కట్టడమేదీ సిద్ధంగా లేదు. మరొకరి ఇంట్లో సర్దుకున్నారు. మొదటి కాన్వెంట్ 1734కు గాని పూర్తికాలేదు. దూలాలు నిలబెట్టి వాటి మధ్య ఇటుకలు పేర్చిన ఆ కట్టడం మిసిసిపీ నది ఒడ్డున ఆ తేమకు తట్టుకోలేదు. కలప పుచ్చిపోయింది. ఇగ్నాస్ బ్రూటాఁ అనే సైనిక ఇంజినీరు 1745లో కొత్త నక్షా గీశాడు, అది 1750ల మొదట్లో పూర్తయింది. ఇవాళ జనం తలెత్తి చూస్తున్న మూడో అంతస్తు ఆ రెండో కట్టడానిది. అంటే 1728లో వచ్చాయంటున్న పెట్టెల్ని దాచడానికి ఆ అంతస్తే లేదు. దాని నక్షా గీయడానికే ఇంకా పదిహేడేళ్ళుంది.

రక్తపిశాచి అనే ఊహకూ అప్పటికి ఆ దారి తెలియదు. సెర్బియా పల్లెల్లో గోతులు తవ్వి శవాలను పరీక్షించిన ఆస్ట్రియా సైనిక వైద్యుల నివేదికలు బయటపడి, ఆ కబుర్లు పశ్చిమ ఐరోపా పత్రికల్లో గుప్పుమన్నది 1732లో. 1728 నాటి ఫ్రెంచి వలస ఊళ్ళో జనం ఓడ దిగిన ఆడపిల్లల్ని చూసి 'రక్తపిశాచులు' అని గుసగుసలాడుకున్నారంటే నమ్మడం కష్టం. ఆ మాటే అప్పటికి వాళ్ళ నోట పడలేదు.

మరి కథ ఎక్కడిది? పెట్టెలోనే ఉంది జవాబు. ఫ్రెంచిలో కాసెట్ అంటే చిన్న పెట్టె. మనం ఏళ్ళ తరబడి పాటలు విన్న క్యాసెట్ ఈ మాటే. పెళ్ళిళ్ళ కోసం వలస రాజ్యానికి పంపిన ఆడపిల్లల్లో కొందరి చేతికి బట్టలూ చిన్నాచితకా సామానూ పెట్టుకునేందుకు ఇలాంటి పెట్టె ఇచ్చారు. అందుకని వాళ్ళకు 'ఫీయ్ అ లా కాసెట్', అంటే పెట్టెతో వచ్చిన పిల్లలు, అని పేరుపడింది. మన భాషలో అది సారెపెట్టె. అత్తవారింటికి వెళ్ళే పిల్లకు పుట్టింటివాళ్ళు సర్ది ఇచ్చే పెట్టె. ఈ పిల్లలకు పుట్టిల్లు లేదు, సారె పెట్టినవాళ్ళు పాలకులు, అంతే తేడా.

ఇంగ్లిషువాళ్ళు దాన్ని కాస్కెట్ అన్నారు. అందులో తప్పు లేదు. నగలో ఉత్తరాలో దాచుకునే చిన్న పేటికకు ఇంగ్లిషులో శతాబ్దాలుగా ఆ మాటే వాడుక. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. 19వ శతాబ్దం నడిమికి అమెరికాలో కాఫిన్ అనే మాట చెవికి కటువుగా తోచి, అంత్యక్రియల సామాను అమ్మేవాళ్ళు దానికి బదులు కాస్కెట్ అనడం మొదలుపెట్టారు. దీపం ఆరిందనకుండా కొండెక్కిందని మనం అనే పద్ధతే అది. వాడగా వాడగా పాత అర్థం వెనక్కిపోయి అమెరికన్ల నోట శవపేటికే మిగిలింది. తెలుగులో పేటిక ముందు 'శవ' తగిలిస్తేనే శవపేటిక అవుతుంది. తగిలించకపోతే అది నగల పేటికగానే ఉంటుంది. ఇంగ్లిషు మాటకు ఆ కాపలా లేకపోయింది. ఇక 'కాస్కెట్ గర్ల్స్' అని చదివిన కొత్త తరానికి శవపేటికలు మోసుకుంటూ ఓడ దిగుతున్న ఆడపిల్లలు కనిపించడంలో వింతేముంది? ఇదే మాట ఇంకో దారిలో చెడి 'కాస్కెట్' కాస్తా 'క్యాస్కెట్' అని ఫ్రెంచి వేషం వేసుకుని కొన్ని బోర్డులమీద, పుస్తకాల్లో తిరుగుతోంది. ఫ్రెంచిలో దాని అర్థం టోపీ!

కాబట్టి ఈ కథ ఫ్రెంచి మాట్లాడే న్యూ ఆర్లీన్స్‌లో పుట్టే వీలు లేదు. వాళ్ళ భాషలో శవపేటికకు సెర్కెయ్ అనే వేరే మాట ఉంది. ఊరు ఫ్రెంచి మరిచిపోయాకే ఈ పెట్టెలో దెయ్యం దూరింది. పైగా 1976లో న్యూ ఆర్లీన్స్ నేపథ్యంగా రక్తపిశాచుల నవల ఒకటి వచ్చి లోకమంతా చదివింది. 1994లో అది సినిమా కూడా అయింది. ఊళ్ళో దెయ్యాల టూర్లు పెద్ద వ్యాపారమయ్యాయి. అప్పటికే సిద్ధంగా ఉన్న పాత మఠానికీ మూసిన కిటికీలకీ కథ వచ్చి అతుక్కుంది.

కిటికీల సంగతి ఇంకా మామూలుది. సెప్టెంబరు వస్తే తుపాను భయం ఉండే ఊరది. 1722లో వచ్చిన తుపానుకు అప్పుడే లేస్తున్న ఆ ఊళ్ళో చాలా ఇళ్ళు నేలమట్టమయ్యాయి. కాకినాడ, మచిలీపట్నం తీరాల్లో గాలివాన రోజులు చూసినవాళ్ళకు కిటికీ రెక్క ఎందుకు బిగిస్తారో ఎవరూ చెప్పక్కర్లేదు. మనుషులు కాపురముండని అటకకు, ఎండ నేరుగా పడే చోట, రెక్కలు మూసి ఉంచడం మంచి గృహస్థుల అలవాటు.

పాలిపోయిన ముఖాల వెనక మాత్రం నిజముంది. టూరు గుంపులు ఆ నిజం దాకా వెళ్ళవు. ఫ్రాన్స్ తన కొత్త వలస రాజ్యానికి ఆడపిల్లల్ని విడతలు విడతలుగా పంపింది. 1704లో 'పెలికాన్' ఓడలో మొబీల్‌కు ఇరవై మందికి పైగా వచ్చారు. దారిలో హవానాలో ఆగినప్పుడు ఎక్కిన పచ్చజ్వరం ఓడతోపాటే దిగి ఊళ్ళో మనుషుల్ని చంపింది. 1721 మొదట్లో 'బలెన్' ఓడలో బిలాక్సీకి దాదాపు తొంభైమంది వచ్చారు. వీళ్ళు పారిస్‌లోని సాల్పెత్రియేర్ నుంచి తెచ్చినవాళ్ళు. అది ఆసుపత్రీ, అనాథాశ్రమమూ, ఆడవాళ్ళ చెరసాలా అన్నీ ఒకే కప్పు కింద ఉన్న చోటు. నెలల తరబడి ఓడ అడుగున చీకట్లో, ఉప్పు మాంసమూ ఎండు రొట్టె తిని, వాంతులతో బతికిన పిల్ల రేవులో దిగితే ముఖంలో నెత్తురుంటుందా? మబ్బుల పారిస్ నుంచి వచ్చిన చర్మం లూసియానా ఎండకు బొబ్బలెక్కకుండా ఉంటుందా? వాళ్ళను పాలిపోజేసింది పిశాచం కాదు. ఎవరి అనుమతీ అడగకుండా వాళ్ళను అడవి అంచుకు పంపిన పాలకుల నిర్ణయం. పెట్టెతో వచ్చిన పిల్లల సంతతి మేమని తర్వాత లూసియానాలో ఎన్నో కుటుంబాలు గొప్పగా చెప్పుకున్నాయి. చెరసాలల నుంచి తెచ్చిన ఆడవాళ్ళ సంతతి మేమన్నవాళ్ళు దాదాపు లేరు. ఆ ఆడవాళ్ళూ పిల్లల్ని కన్నారు, ఆ పిల్లలూ ఈ ఊళ్ళోనే పెరిగారు. వాళ్ళ పేర్లు మాత్రం ఎవరి వంశవృక్షంలోనూ లేవు.

ఈ కాన్వెంట్‌ను పగటిపూట, టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళి చూడాలి. ఇప్పుడది మ్యూజియం. హ్యూస్టన్, డాలస్‌ల నుంచి సెలవులకు కారేసుకుని న్యూ ఆర్లీన్స్ వెళ్ళే తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. బెన్యేలనే తీపి వేపుళ్ళు తిని, జాజ్ విని, రాత్రి దెయ్యాల టూరుకు వెళ్ళి, పగలు దీని గేటు ముందునుంచే నడిచి వెళ్ళిపోతారు. గేటు దాటితే కత్తిరించిన పొదల తోట వస్తుంది. దాని వెనక సాదా ముఖంతో, మందపాటి గోడలతో, అలంకారం అంతగా లేని కట్టడం నిలబడి ఉంటుంది. మిసిసిపీ లోయ మొత్తంలో మిగిలిన అత్యంత పాత భవనం ఇదేనని చెబుతారు. 1788 మార్చి 21న, గుడ్ ఫ్రైడే నాడు, ఇదే వీధిలో ఒక ఇంట్లో అంటుకున్న మంట ఎనిమిది వందలకు పైగా కట్టడాలను బూడిద చేసింది. 1794లో మళ్ళీ రెండు వందలకు పైగా పోయాయి. రెండుసార్లూ ఇది మిగిలింది. ఫ్రెంచి వాళ్ళు కట్టిన ఊరుగా పేరు మోసిన ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఇప్పుడు కనిపించే ఇళ్ళలో చాలావరకు ఆ మంటల తర్వాత, స్పెయిన్ పాలనలోనూ ఆ పిమ్మటా లేచినవే. నిజమైన ఫ్రెంచి కాలపు గోడ తాకాలంటే ఇక్కడికే రావాలి.

లోపల అన్నిటికంటే ముందు చూడాల్సింది మెట్లు. సైప్రస్ చెక్కతో చేసిన వంపు మెట్లవి. పుచ్చిపోయిన మొదటి కాన్వెంట్‌లోంచి విప్పి తెచ్చి ఇక్కడ బిగించారు. అంటే ఇల్లు 1750లది, మెట్లు 1730లవి. మెట్టు నడిమి భాగం తరాల పాదాలకు అరిగింది. మన పాత గుళ్ళలో గడపలు అరిగినట్టే. ఏ పాదాలవి? బడికొచ్చిన పిల్లలవి, రోగులకు మందు పట్టుకెళ్ళిన సిస్టర్లవి. వాళ్ళలో సిస్టర్ ఫ్రాన్సిస్ జేవియర్ ఎబేర్ మందుల మొక్కలు పెంచి, కషాయాలు కాచి ఆసుపత్రికి ఇచ్చేది. అమెరికాలో మొదటి మహిళా ఫార్మసిస్టు ఆమేనని చెబుతారు. 1729 నవంబరులో నాచెజ్ తెగవాళ్ళు ఫ్రెంచి కోటమీద తిరగబడినప్పుడు తల్లిదండ్రులు పోయిన ఆడపిల్లల్ని ఈ సిస్టర్లే చేరదీశారు. ఆ ప్రయాణాన్నీ ఆ ఊరినీ రోజువారీ కళ్ళతో చూపించినది మరీ-మడ్లెన్ అషార్ అనే యువ సన్యాసిని. ఆమె రువాన్‌లోని తండ్రికి రాసిన ఉత్తరాలు 1728లో అక్కడే అచ్చయ్యాయి. దోమల గురించి, తినే తిండి గురించి, ఊరి ఆడవాళ్ళ ముస్తాబు గురించి నాన్నకు చెబుతుంది. రక్తపిశాచుల ఓడ వచ్చిందంటున్న ఏడాదిలోనే, ఆ ఊరి గురించి కళ్ళారా చూసి రాసిన పుస్తకం ఫ్రాన్స్‌లో జనం చదువుతున్నారన్నమాట.

అయితే మఠాల చుట్టూ ఇలాంటి కథలే ఎందుకు పుడతాయి? అర్సులైన్లు గోడ దాటని వ్రతం పట్టినవాళ్ళు. వాళ్ళను చూడాలంటే కటకటాల ఇవతలినుంచే చూడాలి. ముఖం మీద ముసుగు, చుట్టూ ఎత్తు గోడ. మగదిక్కు లేకుండా ఆడవాళ్ళే ఆస్తి చూసుకుంటూ, లెక్కలు రాసుకుంటూ, అధికారులతో వాదించుకుంటూ బతికే చోటు అది. 1803లో లూసియానా అమెరికా చేతికి వచ్చినప్పుడు తమ ఆస్తి ఉంటుందో పోతుందోనని వాళ్ళు నేరుగా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌కే రాశారు. రాజ్యాంగమే మీ ఆస్తికి హామీ అని 1804లో ఆయన జవాబిచ్చాడు. పెళ్ళి వద్దన్న ఆడది, పైగా ఆస్తి ఉన్న ఆడది, ఏ దేశంలోనైనా పుకారుకు దగ్గర చుట్టమే. తెలుగు పల్లెల్లో ఒంటరిగా బతికే ముసలావిడ ఇంటిమీద ఎన్ని కథలల్లేవారో, చేతబడి పేరుతో ఎన్ని ప్రాణాలు పోయాయో తలుచుకుంటే ఇది అర్థంకాని సంగతి కాదు.

పుకారు ఎంత దూరం పోతుందో ఇదే సభకు చెందిన మరో కాన్వెంట్ చూసింది. బోస్టన్ పక్కన చార్ల్స్‌టౌన్‌లో కొండమీద అర్సులైన్లు బడి నడిపేవారు. అందులో చదివేది ఎక్కువగా ప్రొటెస్టెంట్ ధనికుల పిల్లలే. ఒక సన్యాసినిని బలవంతంగా బంధించారని, నేలమాళిగల్లో ఘోరాలు జరుగుతున్నాయని ఊళ్ళో పాకింది. 1834 ఆగస్టు 11 రాత్రి గుంపు వచ్చి దాన్ని తగలబెట్టింది. సిస్టర్లూ పిల్లలూ వెనక కంచె దాటి ప్రాణాలు దక్కించుకున్నారు. తోటలోని సమాధి గదిని కూడా వదల్లేదు, పెట్టెలు తెరిచి చూశారు. కేసు నడిచి చివరికి శిక్ష పడింది ఒక్క కుర్రాడికి, అతనికీ క్షమాభిక్ష దొరికింది. న్యూ ఆర్లీన్స్ కాథలిక్కుల ఊరు కాబట్టి అక్కడి సిస్టర్లకు ఆ గతి పట్టలేదు. లేకపోతే 'మూడో అంతస్తులో ఏముంది' అనే ప్రశ్న చార్ల్స్‌టౌన్‌లో 'నేలమాళిగలో ఏముంది' అన్న ప్రశ్నకు సొంత చెల్లెలే.

అదే 1834లో, ఏప్రిల్ 10న, ఈ కాన్వెంట్‌కు కూతవేటు దూరంలో రాయల్ వీధిలో ఇంకో గుంపు లేచింది. డెల్ఫీన్ లాలోరీ అనే సంపన్నురాలి ఇంట్లో మంట లేస్తే ఆర్పడానికి వెళ్ళినవాళ్ళకు, గొలుసులతో కట్టి చిత్రహింసలు పెట్టిన బానిసలు కనిపించారు. జనం ఇంటిమీద పడ్డారు, ఆమె పారిపోయింది. ఒకే ఏడాది ఒక గుంపు పుకారు నమ్మి మఠం కాల్చింది, ఇంకో గుంపు కళ్ళతో చూసి ఇల్లు పగలగొట్టింది. ఇప్పుడు దెయ్యాల టూరులో లాలోరీ ఇల్లూ కాన్వెంటూ పక్కపక్కనే వస్తాయి. రెండూ ఒకే గొంతుతో, ఒకే టార్చి వెలుగులో చెబుతారు. ఇది మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది. ఒకటి మాట తిరగబడి పుట్టిన కల్పన. ఇంకోటి మనుషుల ఒళ్ళుమీద నిజంగా జరిగిన ఘోరం. రెంటినీ ఒక గాట కడితే రెండోది కూడా కట్టుకథలా వినిపిస్తుంది.

కాన్వెంట్ గోడల లోపలా ఇలాంటి నిజముంది. ఈ సిస్టర్లు కూడా బానిసల యజమానులే. వాళ్ళకు తోట ఉండేది, దాన్ని దున్నింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులూ వాళ్ళ పిల్లలూ. అదే సిస్టర్లు నల్లజాతి ఆడపిల్లలకు మతబోధ, చదువు చెప్పారు. ఆ కాలంలో మరెవరూ తెరవని తలుపు అది. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒకే చేతుల మీదుగా జరిగాయి. సందర్శకుడు మెట్ల దగ్గర నిలబడి ఆలోచించాల్సింది దీని గురించి. పైనున్న అటకలో దీనికంటే బరువైనదేదీ లేదు. ఉన్నా చూడలేం, సందర్శకులను అంతదూరం పంపరు.

పక్కనే 1845లో కట్టిన సెయింట్ మేరీ చర్చి ఉంది. ఎదురుగా వీధికి అవతల, ఒకప్పుడు కాన్వెంట్ స్థలంలోనే 1826లో లేచిన బోరిగార్డ్-కీస్ ఇల్లుంది. దానికీ ఒక దెయ్యముంది, అంతర్యుద్ధపు జనరల్‌గారిది. ఆ ఇంటిమీద ఇంతకంటే సమయం వెచ్చించనక్కర్లేదు.

1824లో సిస్టర్లు నదికి దిగువన కొత్త కాన్వెంట్‌కు మారిపోయారు. ఇది బిషపుల నివాసమైంది, ఒక దశలో రాష్ట్ర శాసనసభ కూడా ఇక్కడ కూర్చుంది. అసలు బడి మాత్రం ఆగలేదు. 1912లో అది స్టేట్ స్ట్రీట్‌కు చేరింది, ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. అమెరికాలో ఆగకుండా నడుస్తున్న ఆడపిల్లల బళ్ళలో అన్నిటికంటే పాతది అదే. 1815 జనవరి 8న అమెరికా జనరల్ ఆండ్రూ జాక్సన్ సేన ఊరి బయట బ్రిటిష్ వాళ్ళతో తలపడే ముందు రాత్రి, సిస్టర్లూ ఊరి ఆడవాళ్ళూ సత్వర సహాయ మాత విగ్రహం ముందు తెల్లవార్లూ ప్రార్థన చేశారు. గెలిచాక జాక్సన్ స్వయంగా వచ్చి కృతజ్ఞత చెప్పాడు. ఆ విగ్రహం ఇప్పుడు స్టేట్ స్ట్రీట్‌లోని ఆలయంలో ఉంది. ఏటా జనవరి 8న అక్కడ పూజ జరుగుతుంది. మామూలు రోజుల్లో ఆ ఆవరణలోకి యూనిఫాం వేసుకుని, పుస్తకాల సంచీ భుజాన తగిలించుకుని ఆడపిల్లలు వెళుతుంటారు. మన ఊళ్ళలో కాన్వెంట్ పిల్లలు వెళ్ళినట్టే.